కెమెరాకి కుట్టిన తొడుగు

ఏవండీ, అక్కకి నొప్పులు మొదలయ్యాయని ఫోనొచ్చింది, గణపవరం వెళ్తున్నాను. మళ్లీ అల్పపీడనమట. రేపు కొల్లేట్లో గూడబాతుల ఫోటోలు తీయకపోతే ఏమవుతుందండీ? మీరు ఆగరని తెలిసే కెమెరాకి తొడుగు కుట్టాను. ఎలాస్టిక్ ఉన్న వైపు లెన్సుకి బిగించి, వెనక తాడు ముడెయ్యండి. పడవలో లెన్సు మార్చకండి. పోయినసారి మీ రెయిన్‌కోటు విప్పి కెమెరాకి కప్పారు, మీ దగ్గుకి ఇల్లంతా మేలుకున్నాం. ఈసారి అది మీ ఒంటిమీదే ఉండాలి. ఉరుము వినిపిస్తే ఒడ్డుకొచ్చేసి ఫోన్ చెయ్యండి. చేసేదాకా నాకు ముద్ద దిగదు.

షాయిస్తా

తా.క. ఆ తొడుగు నా రెయిన్‌కోటు కుడిచెయ్యి. మిగిలింది వేసుకునే బస్సెక్కుతున్నాను. నాకు తడిసేది ఒక్క చెయ్యే, మీరు మొత్తం తడిసి రాకండి.