దీపాల పెట్టె

రేపల్లె

సంఘపెద్ద శాలేమురాజు గారికి,

వందనాలు. ఇది అలవాటు కొద్దీ రాసిన మాట, గౌరవం కొద్దీ రాసింది కాదు.

మన చర్చి నూరేళ్ల పండుగ వీడియో తయారు చేయడానికి నా గేమింగ్ కంప్యూటర్ వారం రోజులు ఇమ్మని కబురు పంపారు. కమిటీ తెనాలిలో కొన్న కొత్తది మాటిమాటికీ ఆగిపోతోందట. ఆగదా మరి? బయట వెలిగే రంగు దీపాలు చూసి కొన్నారు. లోపల వీడియో పని లాగే గ్రాఫిక్స్ కార్డే లేదు. కమిటీకి మనుషులను ఎంచుకోవడంలోనూ మీ పద్ధతి అదే.

నేను పెన్షన్ మీద బతికేవాణ్ణి. వడ్లమూడి ఇంజనీరింగ్ కాలేజీలో చదువు ముగించి హాస్టల్ ఖాళీ చేసే పిల్లల దగ్గర, మే నెల ఎండలో తిరిగి, నా కంప్యూటర్‌కు కావలసిన ఒక్కో భాగం బేరమాడి కొన్నాను. ఎలా బిగించాలో చదివి తెలుసుకుని నా చేతులతోనే బిగించాను. ఆ వారమే మీరు ఆరాధన అయ్యాక అందరి ముందూ, "మాస్టారూ, డెబ్బై నాలుగేళ్లకి ఈ ఆటలేంటండి? బైబిలు చదువుకోండి" అన్నారు. నవ్విన వాళ్లందరి పేర్లూ నాకు గుర్తున్నాయి. బైబిలు మీకన్నా ఎక్కువసార్లే చదివాను.

కంప్యూటర్‌ను గడప దాటనివ్వను. వీడియో నా ఇంట్లోనే చేస్తాను, అదీ మీరు స్వయంగా వచ్చి పక్కన కూర్చుంటేనే. పని అయ్యాక ఆ కంప్యూటర్ మీదే నాతో ఒక ఫుట్‌బాల్ ఆట ఆడాలి. ఓడిపోతారు. అయినా ఆడాలి. అది ఇద్దరు ఆడే ఆట. రెండు జాయ్‌స్టిక్‌లు కొన్నాను. రెండోదాని కవరు ఇంతవరకూ విప్పలేదు.

ఇట్లు,
ఒకప్పటి మీ లెక్కల మాస్టారు