జంబో వెనక గాలి

ఇల్లందు,
ఫిబ్రవరి, 1988.

చాందీకి,

ఇక్కడ అమ్మ, నేను మంచిగనే ఉన్నం. బొంబాయిల నువ్వు, బిడ్డ కూడ గట్లనే ఉన్నరని తలుస్తున్న. చేతి కట్టు విప్పిండ్రా అని అడిగినవ్. ఇంకా విప్పలే, నొప్పి తగ్గింది. మిరపకాయ ఏరుడు అయితలేదు, అమ్మ పొద్దుగాలనే చేనుకు పోతున్నది. ఇన్నేండ్ల నుంచి విమానాలు రిపేరు చేసెటోనివి నిచ్చెన మీదికెల్లి ఎట్ల పడ్డవని కూడ అడిగినవ్. దానికి జవాబు ఎట్ల రాయాలో తెలుస్తలేదు.

నిన్న వెంకటరామారావు సారు మన తండాకు వచ్చిండు. అదే, సత్తుపల్లి ఆయన, నాకు ఈ నౌకరి ఇప్పించిన కెప్టెన్ సారు. ఎందుకొచ్చిండో చెప్పాలంటే ముందుగాల నిజం చెప్పాలె. నేను నిచ్చెన మీదికెల్లి పడలే చాందీ. నువ్వు భయపడతవని గట్ల చెప్పి, కట్టుతోని ఇక్కడికి వచ్చిన. ఆ రోజు కంపెనీ చిన్న జెట్టుల, పైలట్ల వెనక సీట్ల నేనున్న.

బొంబాయిల దిగుతున్నం. మా ముందట ఒక పెద్ద జంబో విమానం దిగుతున్నది. మబ్బు లేదు, గాలి లేదు. ఉన్నట్టుండి మా విమానం పక్కకు తిరగబడ్డది. నేల నెత్తి మీదికి వచ్చినట్టయింది. నడుపుతున్న కెప్టెన్ సారే ఎట్లనో నిలబెట్టి దించిండు. నా చెయ్యి విరిగింది. పక్క పైలట్ దవాఖానాల ఇంకా కండ్లు తెరుస్తలేడు.

ఏం తగిలిందో నాకు ఇప్పటికీ సమజైతలేదు. పెద్ద విమానం రెక్కల కొసల నుంచి గాలి సుడులు తిరుగుకుంట వెనక దిగుతదట. అది పోయినంక కూడ కొంచెంసేపు ఉంటదట. చిన్న విమానం దగ్గరికి పోతే బోర్లేస్తదట. కంటికి కనపడని గాలికి ఎవరిని తప్పు పట్టాలె?

విమానాలకు రేడియోల దారి చెప్పె టవర్‌ల ఉన్న ఆఫీసరును తప్పు పట్టిండ్రు. జంబోకు దూరం ఉండుమని మాకు చెప్పలేదని సస్పెండ్ చేసిండ్రు.

సారు మంచం మీద కూసొని, "ఎంక్వైరీల నిన్ను అడుగుతరు. టవర్ వాళ్లు ఏం చెప్పలేదని చెప్పు హీరాలాల్" అన్నడు.

"రేడియోల ఏదో చెప్పినట్టు విన్న సార్. నాకు ఇంగ్లీషు అంతగ రాదు..."

"అయితే నువ్వు సరిగ వినలేదు."

నా పానం కాపాడిన మనిషాయె. నిజంగనే విన్ననా, తర్వాత మనసుల అనుకున్ననా? ఎంత ఆలోచించినా జాగ్రత్త అని చెప్పె ఆ ఒక్క ఇంగ్లీషు మాటే చెవుల మోగుతున్నది.

"కాషన్ అన్నరు సార్. విన్నదే చెప్త" అన్న.

అమ్మ ఇచ్చిన చాయ్ గట్లనే పెట్టి లేచిండు. నేను కారు దాంక పోయిన. తలుపు పట్టుకొని నిలబడ్డడు.

"జల్దీ దిగాలని నేనే తొందరపడ్డ. టవర్ వాళ్ల మాట నేను కూడ విన్న" అన్నడు మెల్లగ. కారెక్కి పోయిండు.

ఎంక్వైరీల ఆయన ఏం చెప్తడో తెల్వదు. నౌకరి ఉంటదో, కంపెనీ క్వార్టర్ ఖాళీ చెయ్యమంటరో తెల్వదు. ఎంక్వైరీకి సోమవారం బొంబాయికి బయలుదేరుతున్న. అబద్ధం చెప్పినందుకు కోప్పడితే, నేనొచ్చినంక ఎదురుంగ కోప్పడు.

ఇట్లు,
నీ పెనిమిటి
హీరాలాల్