చాపలు మడిచే పని

ఆదివారం రాత్రి, సురంగల్

తమ్ముడు ప్రవీణ్ పక్క గదిలో గురక పెడుతున్నాడు. గురక వినడం ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

వాడి రాక్ బ్యాండ్‌కు పేరొచ్చాక వాడికి నిద్ర కరువైంది. నిద్ర కోసం మొదలుపెట్టిన మత్తు బిళ్లలు వాణ్ని దవాఖాన దాకా తీసుకెళ్లాయి. "పేరొచ్చింది, పైసలొచ్చినయ్, మరెందుకురా?" అని పొద్దున చర్చికి వెళ్తూ అడిగేశాను. కోప్పడతాడనుకున్నాను.

"వేలమంది అరుస్తరక్కా. జరసేపటికే హోటల్ రూంల ఒక్కన్నే ఉంట. పానం ఇంకా స్టేజి మీదనే ఉంటది. వైర్లు చుట్టెటోళ్లు వేరే, గిటార్ మోసెటోళ్లు వేరే. నాకు చెయ్యనీకి ఏం మిగల్లే."

చర్చిలో చాలా రోజులకు గిటార్ వాయించాడు. ఆరాధన అయ్యాక అందరూ సెల్ఫీల కోసం మూగారు. మా అవ్వ వాళ్లను తోసుకుంటూ వచ్చింది.

"పాట అయిపాయె గద బిడ్డా, సాపలెవరు మడుస్తరు?"

మా చర్చిలో వాయించినవాళ్లే చాపలు మడవాలి. వాడు నవ్వుతూ వైర్లు చుట్టాడు, చాపలన్నీ మడిచాడు, అన్నం గిన్నెలు మోశాడు. ఇంటికొచ్చి బిళ్ల అడగకుండానే పడుకున్నాడు.

శుక్రవారం సిటీలో మళ్లీ షో ఉంది. అదొక్కటే నా భయం. ఆ రోజు వైర్లు చుట్టే పని వాడికే వదిలేయమని మేనేజర్‌కు ఫోన్ చేశాను. "స్టార్‌తోని వైర్లు చుట్టిస్తమా మేడం?" అని నవ్వాడు.

పక్కనే ఉండి విన్న అవ్వ నవ్వలేదు. పెట్టె తెరిచి, శుక్రవారం షోకు పోవడానికని తన మంచి చీర తీసి బయట పెట్టింది.