ఉగ్గాని పాట, నాలుగు విడుదలలు

రాజంపేట,
12-3-2004

కర్నూలు హంద్రీ ఆడియో కంపెనీ వారికి సుబ్బరత్నమ్మ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. మీరు క్షేమమని తలుస్తాను. మేము క్షేమంగా లేము. కారణం మీ క్యాసెట్టు.

మొన్న ఆదివారం మా మనవరాలు అమూల్యను పెళ్లిచూపులు చూడటానికి మైదుకూరు నుంచి పిల్లవాడి తల్లిదండ్రులు వచ్చారు. పిల్లవాడి పేరు శివప్రసాద్. ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారు, ఒకరంటే ఒకరికి ఇష్టం. మేము పెట్టిన బొరుగుల ఉగ్గాని పళ్లేలు అందరూ చేతిలోకి తీసుకున్నారు. సరిగ్గా అప్పుడే పక్కనున్న టీ అంగట్లో పెట్టిన మీ క్యాసెట్టులో నంద్యాల శేషన్న బ్యాండు పాట ఎత్తుకుంది.

"మైదుకూరు మామొచ్చె,
మూడు పళ్లేలుగ్గాని మింగె,
మాట చెప్పక మళ్లిపాయె!"

పిల్లవాడి తల్లి నాగలక్ష్మమ్మ పళ్లెం కింద పెట్టేసింది. మా కోడలు అప్పుడైనా ఊరుకోవచ్చు కదా. "ఇది మా అత్త కట్టిన పాటే వదినా! ఈ పక్క పెండ్లిండ్లలో మగపెండ్లివారిని ఎగతాళి చేసేకి ఇదే పాడతారు" అని గొప్పగా చెప్పింది. వాళ్లు కాఫీ కూడా తాగకుండా లేచారు.

పాట నాదే. కానీ నేను కట్టింది "మంగంపేట మామొచ్చె" అని. మైదుకూరు ఎక్కడి నుంచి వచ్చింది? వెంటనే సరిచేయండి.

ఇట్లు,
సుబ్బరత్నమ్మ

తా.క. క్యాసెట్టు కొనుక్కుని వచ్చి విన్నాను. ఆ పక్కా అదే పాట, ఈ పక్కా అదే పాట. మీ దగ్గర రెండో పాట లేదా?

---

కర్నూలు,
20-3-2004

శ్రీమతి సుబ్బరత్నమ్మ గారికి,

తమ ఉత్తరం అందింది. సదరు పాటను మా సంస్థ గత జనవరిలో సింగిల్‌గా విడుదల చేసింది. సింగిల్ అనగా ఒక్క పాటే ఉండే క్యాసెట్టు. పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడగా విని, శేషన్న బ్యాండు తమ పద్ధతిలో వాయించి పాడినందున దీనిని కవర్ సాంగ్ అంటారు. కట్టిన వారున్నట్టు మాకు తెలియదు.

ఊరి పేరు మారడం గాయకుడి పొరపాటు. చింతిస్తున్నాము. రెండో విడుదలలో మైదుకూరు తప్పక తొలగిస్తాము.

ఇట్లు తమ విధేయుడు,
ప్రొప్రైటర్, హంద్రీ ఆడియో కంపెనీ

తా.క. ఇకపై అట్ట మీద తమ పేరు వేయగలము. ఇంటిపేరు కూడా వేయాలా?

---

రాజంపేట,
30-4-2004

ప్రొప్రైటర్ గారికి సుబ్బరత్నమ్మ రాసేది. అట్ట మీద నా పేరు బాగానే వేశారు. లోపల పాట చూస్తే "రాజంపేట మామొచ్చె" అని ఉంది!

అయ్యా, మైదుకూరు తీయమన్నానంటే మా ఊరి పేరు పెట్టమనా? మంగంపేట, మామ, మూడు, మాట. అన్నీ 'మ'తో మొదలవుతాయి. రాజంపేటతో అది చెడింది. దానితోపాటు మా వీధిలో హోటలు బొజ్జన్న బతుకూ చెడింది. పొద్దున అతను ఉగ్గాని బాణలి దించాడంటే చాలు, పిల్లలు గుంపుగా చేరి పాడుతున్నారు. "అవ్వా, ఊర్లో తినేటోళ్లు ఇంతమంది ఉండారు, నా కొట్టు ముందరే ఎందుకు పాడతాండారు?" అని నా దగ్గరకొచ్చి మొత్తుకున్నాడు.

కొత్త క్యాసెట్టు మైదుకూరికి పంపించాం. నాగలక్ష్మమ్మ విని ఫోన్ చేసింది. "ముందర మా ఊరి పేరే ఉన్యది. మేం కోపం చేసుకున్యామని ఇప్పుడు మారుస్తాండారు. అంటే మమ్మల్ని అన్యదే కదా!" అన్నది. అమూల్య రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. నాతో అసలే మాట్లాడదు.

మంగంపేట అని వేయండి. నాలుగక్షరాల ముక్క. అందులో కష్టమేముంది?

ఇట్లు,
సుబ్బరత్నమ్మ

తా.క. కవర్ అంటే పైన డబ్బా అనుకున్నాను. పాటనే కప్పిపెడతారని తెలియదు.

---

కర్నూలు,
9-5-2004

శ్రీమతి సుబ్బరత్నమ్మ గారికి,

జరిగినదానికి చింతిస్తున్నాము. ఏ ఊరివారూ నొచ్చుకోకుండా ఉండేందుకు మూడో విడుదలలో ఊరి పేరే లేకుండా చేశాము. అది వచ్చేచోట శేషన్న క్లారినెట్ ఊదుతాడు. "పీ... మామొచ్చె" అని వస్తుంది. వినడానికి హాయిగా ఉంది.

మంగంపేట అనే పదం బ్యాండు వరుసలో ఇమడదని మా సంగీత విభాగం అభిప్రాయం.

ఇట్లు తమ విధేయుడు,
ప్రొప్రైటర్

తా.క. మా సంగీత విభాగంలో ఉన్నది ఒక్కరే. ఆయన సెలవులో ఉన్నందున ఆయనతో నేరుగా ఉత్తరప్రత్యుత్తరాలు కుదరవు.

---

రాజంపేట,
14-6-2004

ప్రొప్రైటర్ గారికి,

మీ "పీ" అమోఘం. ఇంతకుముందు రెండు ఊర్లకే తగువు. ఇప్పుడు ఎవరికి కోపమున్న ఊరి పేరు వాళ్లు ఆ సందులో పెట్టి పాడుకుంటున్నారు. ప్రొద్దుటూరు వాళ్లు కడప అంటున్నారు, కడప వాళ్లు ప్రొద్దుటూరు అంటున్నారు. బస్సులో కూడా అదే గోల. మీ క్యాసెట్టు ముందు రెండింటికన్నా బాగా పోతోందని అంగడివాడు చెప్పాడు. సంతోషం. నాగలక్ష్మమ్మ మాత్రం "ఆ పీ మేమే" అని తేల్చి చెప్పింది. శివప్రసాద్‌కు వేరే సంబంధం చూస్తున్నారట.

ఇక ఉత్తరాలు చాలు. మంగంపేట అనడానికి నాకు కారణముంది. ఆ మనిషి ఎవరో కూడా నేను చెప్పగలను. వచ్చే సోమవారం మా చెల్లెలిని తోడు తీసుకుని కర్నూలు బస్సెక్కుతున్నాను. మీ అంగడి బోర్డు కింద నిలబడి పాట మొత్తం పాడి, ఆ మనిషి పేరు చెప్పి మరీ వస్తాను.

ఇట్లు,
సుబ్బరత్నమ్మ

తా.క. నా గొంతుకు క్లారినెట్ అవసరం లేదు.

---

కర్నూలు,
17-6-2004

సుబ్బరత్నమ్మకు,

దయచేసి రావద్దు. ఆ పేరు నేనే చెబుతున్నాను. ఆ మనిషిని నేనే.

నా పేరు రామసుబ్బయ్య. మాది మంగంపేట. అరవైరెండు ఫాల్గుణంలో మా నాయనతో, పెళ్లిళ్ల పేరయ్యతో మిమ్మల్ని చూడటానికి మీ ఇంటికి వచ్చాను. ఉగ్గాని పెట్టారు. నాకు బెదురుగా ఉండి తలెత్తలేక పళ్లెం వైపే చూస్తూ తిన్నాను. వెళ్లేటప్పుడు మా నాయన "జాబు రాస్తాం" అన్నాడు. ఆ వారమే మా మామ అంగడి చూసుకోమని నన్ను కర్నూలు పంపారు. జాబు ఎవరూ రాయలేదు. రాయమని అడగడానికి నాకు నోరు రాలేదు. అది నా తప్పే.

రెండేళ్ల తర్వాత ప్రొద్దుటూరులో ఒక పెళ్లిలో ఆడవాళ్లు ఈ పాట పాడారు. విన్న వెంటనే నాకు అర్థమైంది. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. అప్పటి నుంచి నలభై ఏళ్లుగా ఏ పెళ్లిలోనూ రెండోసారి వడ్డించుకోలేదు.

పోయిన ఏడాది శేషన్న వచ్చి "శానా బాగుండాది సార్, ఇనండి" అని ఇదే పాట వాయించాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. అందుకే ఊరి పేరు మార్చమన్నాను. సంగీత విభాగం కూడా నేనే. మీ మనవరాలి సంబంధం చెడుతుందని కలలో కూడా అనుకోలేదు. నాలుగో విడుదలలో మంగంపేట అనే వేయిస్తున్నాను. కావాలంటే మైదుకూరు వెళ్లి నాగలక్ష్మమ్మ గారి ముందు కూర్చుని నిజం ఒప్పుకుంటాను.

ఇట్లు,
రామసుబ్బయ్య

తా.క. ఒక్క మాట మాత్రం చెప్పాలి. మూడు పళ్లేలు కాదు. ఒకటిన్నర.

---

రాజంపేట,
2-7-2004

రామసుబ్బయ్య గారికి సుబ్బరత్నమ్మ నమస్కారాలు. మేము ఇప్పుడు క్షేమం. మీరు కూడా క్షేమంగా ఉండండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు మా ఇంటికి వచ్చారా? నాకు గుర్తు లేదు. మా చెల్లెలిని అడిగితే చాలాసేపు ఆలోచించి, "ఎవురో ఒగాయప్ప వచ్చిన్యాడు, గోడకు ఆనుకోకుండా కూర్చున్యాడు" అన్నది. అది మీరే అయి ఉంటారు. ఒకటిన్నర పళ్లేనికి ఎవరైనా పాట కడతారా అండీ?

పాటలో ఉన్నది మీ తర్వాతి వారం వచ్చినాయన. ఆయనదీ మంగంపేటే, గనుల దగ్గర అంగడి. ఆయన వరసగా మూడు పళ్లేలు ఖాళీ చేశాడు. "పిల్ల నచ్చిందా?" అని మా నాయన అడిగితే నోటి నిండా ఉగ్గాని ఉండి తల మాత్రం ఊపాడు. అది అవునో కాదో ఎవరికీ తెలియలేదు. ఆ కోపంలో ఆ సాయంత్రమే పాట కట్టి వీధంతా పాడాను. పదో రోజున ఆయన ఒక్కడే బస్సు దిగి వచ్చి, "ఆ పొద్దు సరేననే అన్యా, మీకు ఇనపళ్యా" అన్నాడు. అట్లా మా పెళ్లయింది. ఈ ఇంట్లో నలభై ఏళ్లు కాపురం చేశాం.

పాట తన మీద కట్టిందేనని ఆయనకు తెలియదు. ప్రతి పెళ్లిలోనూ విని పగలబడి నవ్వేవాడు. "ఎవురే ఆ తిండిపోతు? మా ఊరి పరువు తీసినాడే!" అనేవాడు. చెబుదాం చెబుదామనుకుంటూనే ఉన్నాను. పోయిన శ్రావణంలో ఆయన కాలం చేశాడు. పాటలోనైనా ఆయన ఊరు ఆయనకు ఉండాలని పట్టుబట్టాను. అందరికీ చెప్పాలంటే సిగ్గేసింది.

మీరు రాసింది చదివాక నా సిగ్గు పోయింది. కర్నూలు బస్సు బదులు మైదుకూరు బస్సెక్కి నాగలక్ష్మమ్మకు అంతా చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ, "ముందే చెప్పింటే ఇన్ని దినాలు పిల్లోల్ని ఏడ్పించకపోతాంటి కదమ్మా" అన్నది. శ్రావణంలో ముహూర్తం పెట్టుకున్నాం. అమూల్య నాతో మాట్లాడుతోంది, మరీ ఎక్కువగా.

శేషన్న బ్యాండునే పిలుస్తున్నాం. మీరూ తప్పక రండి. ఎన్నిసార్లు వడ్డించుకున్నా మా వైపు ఆడవాళ్లు నోరెత్తరు.

ఇట్లు,
సుబ్బరత్నమ్మ

తా.క. నాగలక్ష్మమ్మకు మీ ఉత్తరం కూడా చదివి వినిపించాను, ఏమీ అనుకోవద్దు. ఆమె అంతా విని, "పాపం, ఆయప్ప ఒకటిన్నరేనా తినింది!" అన్నది.