పెద్దాయన కుడి భుజం

తమ్ముడికి,

నువ్వు పిరికివాడివి. పెద్దాయనను పంపించెయ్యాలన్న మన గుర్రపుస్వారీ కేంద్రం కమిటీ కాగితం మీద, ఒక్కసారైనా వచ్చి చూడకుండా, ఊరుకాని ఊళ్లో కూర్చుని సంతకం పెట్టావు. ముందు ఇది మింగి, తర్వాత ఆశీస్సులు అందుకో. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ మరదలూ అలాగే ఉన్నారని తలుస్తాను.

నా మోకాలి సంగతి అడిగావు. డాక్టరు "వయసమ్మా" అన్నాడు. వయసన్నది జబ్బు పేరా, మీరు చేతులు కడుక్కునే నీళ్లా అని అడిగాను. నవ్వి, ఈసారి మోకాలు వంచి చూశాడు. కట్టు కట్టాడు. తగ్గింది.

"ముసలి గుర్రం, జబ్బేంటో ఎవరికీ తెలియడం లేదు, ఇంకెందుకు?" అని రాశావు. తెలియకపోవడం చూసేవాళ్ల లోపం, గుర్రం నేరం కాదు. కాళ్లు పట్టులేని పిల్లల్ని పంతొమ్మిదేళ్లుగా వీపున మోసి, వాళ్ల నడుములు నిలబెట్టిన గుర్రం అది! ఐదు నెలలుగా పెద్దాయన దాణా సగం వదిలేస్తున్నారు. జీను చూస్తే చెవులు వెనక్కి వాల్చేస్తారు. పిల్లల్ని ఎక్కిస్తుంటే ఒళ్లంతా వణుకు. పశువుల డాక్టరు రక్తం చూశాడు, పళ్లు చూశాడు, గిట్టలు తట్టి చూశాడు. అన్నీ బాగున్నాయన్నాడు. అన్నీ బాగుంటే ఎవరైనా వణుకుతారా?

మన టైలరు గుర్తున్నాడుగా? అతని కూతురు చక్రాల కుర్చీలో పక్కకి ఒరిగిపోతుంది, పెద్దాయన మీద మాత్రమే నిటారుగా కూర్చుంటుంది. జీను కింద వేసే గుడ్డలన్నీ అతనే కుడతాడు. పోయిన నెల ఒకటి చిరిగితే ఇచ్చాను. తిరగేసి చూసి నన్ను దులిపేశాడు.

"ఎన్నేళ్లు అతుకులు వేయిస్తారు మేడం? ప్రతిసారీ కుడి భుజం దగ్గరే!"

"పాత గుడ్డ కదయ్యా."

"పాతదైతే అంతా చిరగాలి. చొక్కా ఒక్క భుజం దగ్గరే చిరిగితే నేను గుడ్డని తిట్టను. ఆ భుజాన ఏం మోస్తున్నావని అడుగుతాను."

కూతురు కుర్చీలోంచి అందుకుంది. "నేనెక్కేటప్పుడు జీను ఒక పక్కకి లాగేస్తుంది నాన్నా. అప్పుడే పెద్దాయన మూలుగుతాడు. ఎన్నిసార్లు చెప్పానో! ఆంటీ ఉపన్యాసం ఆపితేగా వినేది?"

ఇక దాచిపెట్టింది చెబుతాను. పన్నెండేళ్ల క్రితం చక్రాల కుర్చీ పిల్లలు గుర్రం ఎక్కడానికి ర్యాంపు కావాలని తల్లుల్ని కూడగట్టి గేటు ముందు బైఠాయించాను. గెలిచాను. నువ్వే దండ వేశావు. ఆ రోజు మేస్త్రీ, "అమ్మా, రెండు వైపులా కట్టమంటారా?" అని అడిగాడు. నేను విరుచుకుపడ్డాను. "రెండోదాని పేరు చెప్పి మొదటిదీ ఎగ్గొడతారు. ఒక్కటి చాలు, కట్టు!"

అప్పట్నుంచీ ప్రతి బిడ్డా ఆ ఎడమవైపు ర్యాంపు మీంచే ఎక్కింది. ఎక్కిన ప్రతిసారీ జీను అటు గుంజుకుని, దాని అంచు కుడి భుజాన్ని నొక్కింది. నోరులేనివాళ్ల తరఫున ఊరంతా గొంతు చించుకున్నదాన్ని, పక్కనే నిలబడ్డ ఆయన మూలుగు వినలేదు.

పది రోజులు ఎవరినీ ఎక్కించలేదు. తర్వాత వడ్రంగి చేత చెక్కమెట్లు చేయించి కుడివైపు పెట్టాం. నిన్న పొద్దున టైలరే తన కూతుర్ని ఎత్తుకుని అటునుంచి ఎక్కించాడు. చెవులు వాలలేదు. వణుకు లేదు. ఒక చుట్టు నడిచొచ్చి, తొట్టి అడుగు కనిపించేదాకా తిని, ఖాళీ తొట్టిని మూతితో నా కాళ్ల మీదికి నెట్టారు పెద్దాయన.

"ఇదే కారణమని రాసివ్వలేనండీ. కానీ ఇప్పుడు పంపేస్తామంటే మాత్రం నేనొప్పుకోను," అన్నాడు పశువుల డాక్టరు. నాకది చాలు.

సోమవారం కమిటీ కూర్చునేలోపు:

నీ సంతకం వెనక్కి తీసుకోవాలి.
పెద్దాయనకు రెండు నెలల గడువివ్వాలి.
కుడివైపు ర్యాంపు కట్టాలి.
మొదటి ర్యాంపు తప్పు నాదని మినిట్స్‌లో రాయాలి.
టైలరు కూతుర్ని కమిటీలో కూర్చోబెట్టాలి.
నువ్వు రావాలి. వచ్చి, ఆయన కుడి భుజం మీద చెయ్యి వెయ్యాలి.

ఇట్లు,
ఒక్కటి చాలన్న అక్క