కొండ పగులుకు కట్టిన నూలుపోగు

శ్రావణం, గురువారం రాత్రి, 1946

ఇంటి వెనక కొండరాతి పగులుకు అడ్డంగా కట్టిన నూలుపోగు ఈ ఉదయం తెగి ఉంది. యూనివర్సిటీలో రాళ్ళు ఎలా విరుగుతాయో, ఎటు జారుతాయో చదువుతున్న మా ఆయన, సెలవులయ్యాక బెజవాడ రైలుకి బయల్దేరే ముందు అటూ ఇటూ మేకులు కొట్టి దాన్ని కట్టారు. "ఈ బండ మన మగ్గాల పాక వైపే వాలి ఉంది. పోగు తెగితే నాన్నగారిని అక్కడ పడుకోనివ్వకు," అన్నారు.

అత్తయ్యతో చెప్పాను.

"మేక తెంపి ఉంటుందిలేవే. మీ మామగారి తాతల నాటి కొండ, నీ మొగుడు చదివాడని ఇప్పుడు కదులుతుందా?" అని నవ్వింది.

నిజమేనేమో అనుకున్నాను. మేకని వాకిట్లో కట్టేసి, ఆ మేకులకే మరో పోగు కట్టాను. గాలికి తెగకుండా వదులుగా, మధ్యలో వేలాడేటట్టు కట్టాను. మధ్యాహ్నమంతా వాన. దీపాల వేళకి వెళ్ళి చూస్తే అది మగ్గం మీది పడుగులా బిగిసి ఉంది. తడిసిన నూలు కాస్త బిగుస్తుంది. కానీ ఇంతలానా?

మామయ్యగారు మగ్గం పక్కనే నిద్రపోతున్నారు. ఆయన ఎదుట నేనింతవరకూ నోరు విప్పలేదు. ఏమని లేపను?

వాన మళ్ళీ మొదలైంది. లాంతరు తీసుకుని పాకకి వెళ్తున్నాను.