కదిలించకూడని సీసా

సైదాబాద్,
12 జనవరి 2009

చిరంజీవి లక్ష్మీకాంత్‌కు,

పూణె వెళ్లేముందు నువ్వు పూజగది అలమారలో పెట్టిన సీసా భద్రంగా ఉంది. ఎలా ఉందో చూసి రాయమన్నావు. పైనుంచి కిందిదాకా నల్లగానే ఉంది.

పక్కింటి అజ్మతున్నీసా చూసి నవ్వింది. "ఏంది విమలక్కా, దేవునికాడ సిరా సీసా పెట్టినవ్? ఆయన చిట్టీలు గిట్ల రాస్తడా?" అంది.

వేళకు తిను.

నీ మేలు కోరే
అక్క విమల

పూణె,
3 మార్చి 2009

ప్రియమైన అక్కా,

సీసా నల్లగానే ఉందని జనవరిలో, ఫిబ్రవరిలో నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ ల్యాబ్‌లో మా పెద్దసారుకు చదివి వినిపించాను. సీసాలో ఉన్నది గ్రాఫీన్. పెన్సిలు ముల్లులో ఉండే గ్రాఫైట్‌ను ద్రావకంలో వేసి, శబ్ద తరంగాలతో అదిరిస్తే పల్చటి పొరలుగా విడిపోతుంది. ఆ పొరలు మళ్లీ అంటుకుని అడుక్కి దిగకుండా ఉంచడమే కష్టం. ల్యాబ్‌లో అందరి చేతులూ పడతాయి. కదిలించేవాళ్లు లేని చోటని నీ పూజగదిలో పెట్టాను.

కదిలించకుండా రెండు నెలలు నల్లగా నిలిచిందంటే రంగుల కంపెనీ మా ద్రావకాన్నే తీసుకుంటుంది. నా ఉద్యోగం పర్మనెంటవుతుంది. ఇరవైన వాళ్ల ముందు నేనే మాట్లాడాలి.

నీ దీవెన చాలు,
కాంత్

సైదాబాద్,
10 మార్చి 2009

చిరంజీవి కాంత్‌కు,

ఇది ఫోన్లో చెప్పలేను.

నువ్వు వెళ్లిన తొమ్మిదో రోజునే సీసా పైభాగం తేటపడింది. అడుగున మడ్డి. దీపం వేడికి నా దగ్గర పాడైందనుకున్నాను. నీకు రాయడానికి మొహం చెల్లలేదు. మందుసీసాలా గట్టిగా ఊపాను. నల్లబడింది. అప్పటినుంచి రోజూ దీపం పెట్టాక ఊపాను. ఊపాకే చూసి నీకు రాశాను.

కదిలించకూడదని నీ ఉత్తరంతోనే తెలిసింది. తేటపడిన మాట దాచడం తప్పని మాత్రం ముందే తెలుసు. దేవుడి ఎదుట కూర్చోలేకపోతున్నాను. గడప ఇవతలినుంచే దండం పెడుతున్నాను.

ఇరవైన వాళ్ల ముందు రెండు నెలలు నిలిచిందన్న మాట చెప్పకు.

అక్క

పూణె,
21 మార్చి 2009

అక్కా,

నీ ఉత్తరం పదహారునే అందింది. జవాబు రాయలేకపోయాను.

నీ దగ్గరున్న సీసాకు జంటగా అదే ద్రావకంతో నింపినది ఒకటి నా దగ్గర ఉండేది. అది ఎనిమిదో రోజుకే తేటపడింది. ఎవరూ చూడకముందే పారబోశాను. నీ సీసా నిలిచిందంటే నమ్మబుద్ధి కాలేదు. అయినా నమ్మినట్టే ఉన్నాను. మా అక్క అబద్ధమాడదని సారుకు గొప్పగా చెప్పాను.

నిన్న నీ ఉత్తరం జేబులో పెట్టుకునే రెండు నెలలు నిలిచిందని చెప్పాను. కంపెనీ ఆయన ఒకరు, సీసాను రోజూ చూసింది ఎవరని అడిగాడు. నీ పేరును ఆ అబద్ధానికి సాక్ష్యంగా పెట్టలేక, రెండు సీసాల సంగతీ చెప్పేశాను. సారు నా వైపు చూడలేదు. సాయంత్రానికి నన్ను పనిలోంచి తీసేశారు.

ఏప్రిల్ మొదటి వారంలో వస్తున్నాను. తలుపు తీసినప్పుడు ఏమీ అడగకు.

కాంత్

సైదాబాద్,
25 మార్చి 2009

కాంత్,

అడగను. నన్నూ అడగకు. ఇద్దరం చెరో గోడవైపు తిరిగి అన్నం తిందాం. మజ్జిగ దాకా వచ్చేసరికి ఎవరో ఒకరం ఇటు తిరగకపోం.

రా.

అక్క